మిల్లు దుమ్ములో కండ్ల చుక్కలు: ఏండ్లు వాడినంక నా అభిప్రాయం

పొడి కండ్లకు చుక్కల మందు కొనేటప్పుడు డబ్బా పక్కన సన్నక్షరాల్లో ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) ఏముందో చదివి కొనండి. ఇన్నేండ్లు వాడినంక నేను అందరికీ ముందు చెప్పే మాట ఇదే.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో కాంటా బిల్లులు, లెక్కలు కంప్యూటర్లో ఎక్కించే పని నాది. వడ్ల సీజన్ల ట్రాక్టర్లు లైన్ కడితే పొద్దుగూకేదాకా స్క్రీన్ మీంచి చూపు తిప్పే తీరిక ఉండదు. తెలియకుండానే రెప్ప వేయడం తగ్గిపోతుంది. దానికి తోడు పైన ఫ్యాను, కిటికీలోంచి ఊక దుమ్ము, బాయిలర్ బూడిద. మాపటికి కండ్లల్ల ఇసుక పోసినట్టు గరగర. మళ్లీ స్కూటీ మీద ఇంటికి పోతుంటే నీళ్లు ధారగా కారేవి. నీళ్లు కారే కన్ను పొడి కన్ను ఎట్లయితదని డాక్టరమ్మను అడిగిన. కంటి మీది తడి పొర నిలవకపోతే ఆ మంటకు కన్ను గబగబా నీళ్లు వదులుతుందట, కానీ ఆ నీళ్లు కంటి మీద ఆగవట. కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాలు కూర్చోబెట్టింది. తడి 10 మిల్లీమీటర్లు దాటితే మంచిదట. నాది సగం దాకా కూడా రాలేదు.

మొదట రాసింది కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం అనే, కంటికి తడినిచ్చే చుక్కల మందు. వేసుకోగానే హాయిగా ఉండేది, గంట తిరగకముందే మళ్లీ గరగర. సీజన్ల మాటిమాటికి వేయాల్సి వచ్చేసరికి చుక్క పడ్డప్పుడల్లా చురుక్కుమనడం మొదలైంది. ఆ సీసాలో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంది. మూత తీసినంక మందులో క్రిములు పెరగకుండా కలిపే రసాయనం అది. రోజుకు రెండు మూడు చుక్కలైతే చాలామందికి ఇబ్బంది ఉండదు. అంతకు బాగా మించి పడుతుంటే మాత్రం కంటి పైపొరనే దెబ్బ తీయొచ్చు.

డాక్టరమ్మ ప్రిజర్వేటివ్ లేని సోడియం హైలురోనేట్ అనే వేరే తడి చుక్కలకు మార్చింది. కొద్ది రోజులకే ఆ చురుక్కుమనడం పోయింది. హాయి కూడా ఎక్కువసేపు నిలుస్తోంది. ఇవి చిన్న చిన్న ప్లాస్టిక్ వయల్స్‌లో వస్తాయి. మూతిని తిప్పి తుంపి, కింది రెప్పను వేలితో కొంచెం లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. వయల్ మూతి రెప్పకు తగలకుండా అందులో ఒక్క చుక్క వదలాలి. రెండోది వేసినా దండుగే, ఆ సంచిలో ఒక చుక్కే పూర్తిగా పట్టదు. కండ్లు మెల్లగా మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒక నిమిషం నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి జారదు. వేరే చుక్కల మందు కూడా ఉంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగాలి.

వయల్స్ ధర మాత్రం మామూలు సీసా కంటే చాలా ఎక్కువ. అందుకే గాలి లోపలికి పోకుండా చేసిన, ప్రిజర్వేటివ్ లేని సీసా వాడుతున్న. నొక్కడానికి వేళ్లకు కొంచెం గట్టిగా ఉంటుంది, అంతే. రాత్రి పడుకునే ముందు జెల్. అది వేసుకుంటే కాసేపు చూపు మసకబారుతుంది కాబట్టి బండి నడిపే పనంతా అయిపోయినంకనే.

ఒక్క చుక్కలతోనే నా కండ్లు ఇంత నెమ్మదించలేదు. రెప్పల అంచుల్లో నూనె గ్రంథులుంటాయి. ఆ నూనే కంటి తడి ఆరిపోకుండా కాపాడేది. వేడి నీళ్లలో పిండిన బట్టను మూసిన రెప్పల మీద రోజూ పెట్టుకోవడం మొదలుపెట్టినంక చుక్కల అవసరం బాగా తగ్గింది.

మా అత్తమ్మ మొదట్ల "ఆముదం పెట్టుకో బిడ్డా, చల్లగ ఉంటది" అనేది. కొన్ని కంటి మందుల్లో ఆముదం వాడేది నిజమే, కానీ అది క్రిములు లేకుండా శుద్ధి చేసింది. ఇంట్లో సీసాలోది కంట్ల పెట్టొద్దని ఆమెకు నచ్చజెప్పిన. కంట్లో వేసేదానికి శుభ్రత ఎంత ముఖ్యమో 2023లో అమెరికాలో చూశాం. కలుషితమైన చుక్కల మందు వల్ల సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకి కొందరు చూపే కోల్పోయారు. అందుకే సీల్ చూసి కొంటాను, సీసా మీద తెరిచిన తేదీ రాసుకుంటాను, దాని మీద రాసిన గడువు దాటితే పారేస్తాను.

ఎరుపు పోవాలని మెడికల్ షాపులో ఏదో ఒక చుక్కల మందు అడిగి వేసుకునేవాళ్లు మా మిల్లులోనే ఉన్నారు. దయచేసి అట్ల చేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే, నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది. కండ్లతో పాటు నోరు కూడా ఎండిపోయి కీళ్లు నొస్తుంటే చుక్కలతో సరిపెట్టుకోక డాక్టరుకు చెప్పండి. జలుబుకు వేసుకునే సిట్రజిన్ వంటి గోళీలు కూడా కండ్లను ఇంకా ఆరబెడతాయి.

ప్రిజర్వేటివ్ లేని చుక్కలు మా దగ్గర అన్ని షాపుల్లో దొరకవు. పేరు రాసిస్తే తెప్పించి ఇస్తున్నారు. హాలియా, దేవరకొండ వైపు వాళ్లు కూడా గట్టిగా అడగండి. అడిగేవాళ్లు ఉంటేనే షాపువాళ్లు స్టాక్ పెడతారు.