ఓపెన్ డూమ్స్‌డే వెబ్‌సైట్: మేనర్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఫ్రీగా దొరికే సరుకు

పర్లాకిమిడి జమీందారీ వైపు పెరిగినవాళ్లకి దివాణం (జమీందారు కచేరీ), కంబత్తం (జమీందారు సొంత సాగు భూమి), జిరాయితీ (రైతు శిస్తు కట్టి సాగుచేసుకునే భూమి) అంటే ఏంటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. అందుకే ఇంగ్లండు మేనర్ల గురించి, అంటే అక్కడి ప్రభువుల జమీల్లాంటి వాటి గురించి, చదవడం నాకు పెద్ద కష్టం కాలేదు. ప్రభువు సొంతానికి అట్టిపెట్టుకుని రైతుల చేత ఊరికే దున్నించుకునే భూమి, రైతు చచ్చిపోతే అతని మందలో మంచి పశువుని ప్రభువు తోలుకుపోవడం, కూతురి పెళ్లికి కూడా సొమ్ము కట్టడం, ఇవన్నీ చదువుతుంటే మా పెదనాన్న "అక్కడా ఇదే గోలా" అన్నారు.

సైటు సంగతికొస్తా. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చి యుద్ధంలో ఇంగ్లండుని గెలుచుకున్న విలియం రాజు, 1085 క్రిస్మస్‌కి గ్లాస్టర్‌లో కొలువుదీరి, ఏ భూమి ఎవరి కింద ఉందో, ఎన్ని నాగళ్లు తిరుగుతున్నాయో, ఎంత రాబడి వస్తుందో రాసుకురమ్మని మనుషుల్ని పంపాడు. 1086లో అలా పోగైన లెక్కే డూమ్స్‌డే బుక్, అందులో 13 వేలకు పైగా ఊళ్లున్నాయి. ఈ సైట్లో ఊరి పేరు కొడితే చాలు, ఇళ్లు, నాగళ్లు, పచ్చిక, పిండిమర ఉంటే అదీ, అన్నీ వచ్చేస్తాయి, అసలు పేజీ ఫొటోతో సహా. ఆ ఫొటో మాత్రం మాటల్ని కుదించి రాసిన లాటిన్‌లో ఉంటుంది, మనకి అందదు. ఇంకోటి, ఇళ్ల సంఖ్య చూసి ఊరి జనాభా అదే అనుకోకండి, లెక్కపెట్టింది ఇంటి పెద్దల్నే.

నాకు బాగా నచ్చింది 1066లో ప్రభువు ఎవరు, 1086లో ఎవరు అని పక్కపక్కన చూపించడం. యుద్ధం గెలిచాక ఇరవై ఏళ్లలో దేశం భూములన్నీ ఎలా చేతులు మారాయో పుస్తకాలు పేజీలకి పేజీలు చెప్తాయి గానీ, ఇక్కడ ఊరి తర్వాత ఊరు తెరుస్తుంటే పాత ఇంగ్లీషు పేర్లు పోయి నార్మన్ పేర్లు దిగడం మనకే కనబడిపోతుంది. రాజుగారికి తల్లి వైపు తమ్ముడు, మోర్తేన్ రాబర్ట్ చేతికి వందల మేనర్లొచ్చాయి. రాజు కిందే నేరుగా పెద్దగా భూములు నిలబెట్టుకున్న ఇంగ్లీషువాళ్లు ఇద్దరే, వాళ్లలో ఒకరు వార్విక్ వైపు థోర్కెల్, ఆర్డెన్ కుటుంబానికి మూలపురుషుడు. యార్క్‌షైర్‌లో చాలా ఊళ్ల పక్కన "పాడు" అనే రాసుంది, 1069-70లో విలియం సైన్యం చేసిన విధ్వంసం తర్వాత మరి.

ఇక లోటు. కుటుంబాల కథ కోసం వస్తే ఇక్కడ సగమే దొరుకుతుంది, ఎందుకంటే లెక్క 1086తో ఆగిపోయింది. పెర్సీలనే పెద్ద ప్రభు కుటుంబం సంగతే తీసుకోండి, యార్క్‌షైర్‌లో విలియం డి పెర్సీ భూములు ఇక్కడ కనిపిస్తాయి, కానీ వాళ్ల పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆనిక్ కోట ఉండదు. ఆ కోట ఉన్న నార్తంబర్లాండ్‌ని ఆ సర్వేలో కలపలేదు, పైగా ఆ కోటని వాళ్లు కొన్నది 1309లో. లండన్, వించెస్టర్ కూడా లేవు. అలాగే విలియం, రాల్ఫ్ లాంటి పేర్లు లెక్కలేనన్ని, ఇద్దరూ ఒకరేనా కాదా అని జుట్టు పీక్కోవాలి.

తర్వాతి వారసుల కోసం బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్లో విక్టోరియా కౌంటీ హిస్టరీ (ఇంగ్లండు కౌంటీల, అంటే జిల్లాల్లాంటి వాటి చరిత్ర) సంపుటాలు తెరవండి. 1899లో మొదలైన పని, పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరి ప్రాంతం) పారిష్‌కీ మేనర్ ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో వరసగా రాస్తారు. నేను రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తా. ఓపెన్ డూమ్స్‌డేకి అయిదుకి నాలుగు, ఫోన్లో కన్నా కంప్యూటర్‌లో మ్యాప్ చూడండి, హాయిగా ఉంటుంది.