ఫ్లోరైడ్ లేని పిల్లల పేస్టు: రెండు స్టార్లు, అవీ రుచికే

పేరు రాయను. స్ట్రాబెర్రీ బొమ్మ ఉన్న ట్యూబు, దాని మీద పెద్ద అక్షరాలతో ‘ఫ్లోరైడ్ లేదు, మింగినా భయం లేదు’ అని ఉంటుంది. ఆ ఒక్క మాట చూసే కొన్నాను.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగిన మా నాన్న పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. నాయనమ్మ నడుము వంగిపోయి, చివరికి మెడ తిప్పడం కూడా కష్టమైంది. ఆ ఇంట్లో పుట్టినదాన్ని, ఫ్లోరైడ్ పేస్టు పాప నోట్లో పెడతానా?

ఎనిమిది నెలలు వాడాం. రుచి పాపకు తెగ నచ్చింది, బ్రష్ కనిపిస్తే చాలు నోరు తెరిచేది. పాపకు ఇరవయ్యో నెలలో ఒకరోజు పై పెదవి ఎత్తి చూస్తే ముందుపళ్ల మీద, చిగుళ్ల అంచునే, సున్నంతో గీసినట్టు తెల్లటి చారలు. పాల మరకేమో అని గుడ్డతో తుడిచాను, పోలేదు. “పాల పళ్లే కదా బిడ్డా, ఎట్లాగూ ఊడిపోయేటివే” అంది అత్తమ్మ. నాకు మాత్రం టెన్షన్ ఆగలేదు.

పిల్లల పళ్ల డాక్టరమ్మ నా ఎదురుగా మోకాళ్లు ఆనించి కూర్చుని, పాప తలను తన ఒళ్లో పెట్టుకుని చూసింది. ఏడుపు రెండు నిమిషాలే. పేస్టు సంగతి తర్వాత, ముందు అడిగింది “రాత్రి పాలసీసాతోనే పడుకుంటుందా?” అని. అవును, అదీ చక్కెర కలిపి. ఆ తెల్ల చారలు పళ్లు పుచ్చడం మొదలవుతున్న గుర్తట. నిద్రలో ఉమ్మి సరిగా ఊరదట, పాలు పై పళ్ల చుట్టూ అలాగే నిలిచిపోతాయట. కింది పళ్లకు నాలుక అడ్డం ఉంటుంది. చూస్తే నిజమే, కిందివాటికి మచ్చ కూడా లేదు.

కాబట్టి తప్పంతా పేస్టుదే అనను. సీసా మాదే, చక్కెర మాదే. కానీ పంటిని గట్టిపరచాల్సినప్పుడు దాంట్లో ఆ పని చేసే ఫ్లోరైడే లేదు.

నల్లగొండ భయం చెబితే డాక్టరమ్మ నవ్వలేదు, కాగితం మీద లెక్క వేసింది. 1000 పీపీఎం పేస్టు (అంటే కిలో పేస్టులో 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్) బియ్యపు గింజంత పెడితే, మొత్తం మింగేసినా లోపలికి పోయే ఫ్లోరైడ్ దాదాపు 0.1 మిల్లీగ్రాము. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. మా ఊళ్ల బోర్లలో దాన్ని మించి ఉండేది, ఏళ్ల తరబడి పొద్దున్నుంచి రాత్రిదాకా అవే నీళ్లు. ఇప్పటికీ బోరు నీళ్లే తాగేవాళ్లు మాత్రం ఆ మాట డాక్టరుకు చెప్పాకే పేస్టు ఎంచుకోండి.

పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ పూసి పంపింది. పసుపు జిగురులా ఉంటుంది, ఆ రాత్రి బ్రష్ చేయొద్దంది. మూడు నెలల తర్వాత మళ్లీ పూయించాం. చారలు మసకబారాయి, గుంట పడలేదు. రాత్రి సీసాలో పాలు కొద్దికొద్దిగా తగ్గించి నీళ్లు పెంచాం. పది రోజులు నరకం, పదకొండో రోజు తనే సీసా విసిరికొట్టింది.

కొత్త పేస్టు కొనేటప్పుడు ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. పిల్లలవని అమ్మేవాటిలో కొన్నింట్లో ఫ్లోరైడ్ సగమే ఉంటుంది, కొన్నింట్లో అసలుండదు. స్ట్రాబెర్రీ ట్యూబు ఇంకా సగం మిగిలింది. పాప దాంతో తన ఏనుగు బొమ్మకు దంతాలు తోముతోంది.