పదో తరగతి గణితానికి రెండు తెరలు: చాలాకాలం వాడాక

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 2023 నుంచి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు (తాకి రాయగలిగే పెద్ద డిజిటల్ తెరలు) అమర్చడం మొదలైంది. మా గదిలో ఆ ప్యానెల్ పక్కనే పాత ప్రొజెక్టర్‌ను కూడా నిలిపి, రెండింటినీ ఒకే ల్యాప్‌టాప్‌కు కలిపి గణితం చెబుతున్నాను.

65 అంగుళాల ప్యానెల్ చూడటానికి పెద్దదే గాని, దాని ఎత్తు 80 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ మాత్రమే కాబట్టి, చివరి బెంచీకి ఆనేంత అక్షరాలతో రాస్తే కొద్ది పంక్తులకే నిండిపోతుంది. నల్లబల్ల మీద లెక్కనూ పటాన్నీ ఒక పక్కన చెరపకుండా ఉంచి మరో పక్కన సాధించుకుంటూ పోయే వీలు ఇందులో లేదు. పేజీ మార్చగానే దత్తాంశం మాయమై, "సార్, ఒక్కసారి వెనక్కి తిప్పండి" అన్న కేక వినిపిస్తుంది. రెండో తెర తీర్చేది ఈ లోటునే.

దీని ఫలితం బాగా తెలిసేది వర్గ బహుపదుల పాఠంలో. వర్గపదం గుణకం 1, ఎక్స్ గుణకం −4గా ఉంచి, జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరపదాన్ని స్లైడర్‌తో 3 నుంచి 5కు జరిపితే, పరావలయం మొదట ఎక్స్-అక్షాన్ని రెండు చోట్ల ఖండించి, 4 దగ్గర ఒక్క బిందువులో తాకి, ఆపైన అక్షాన్ని పూర్తిగా వదిలేయడం ప్రొజెక్టర్ తెర మీద కనబడుతుంది. అదే సమయంలో విచక్షణి (b² − 4ac) విలువ 4, 0, −4గా మారడాన్ని పిల్లలే ప్యానెల్ మీదికొచ్చి లెక్కగడతారు. వాస్తవ మూలాలు లేకపోవడమంటే ఏమిటో ఆ తర్వాత వేరుగా వివరించవలసిన పని ఉండదు.

అమరికలో కొన్ని చిక్కులున్నాయి. ఒక హెచ్‌డీఎంఐ కేబుల్‌ను రెండుగా చీల్చే స్ప్లిటర్ రెండు తెరలకూ ఒకే బొమ్మను పంపుతుంది కనుక, ల్యాప్‌టాప్‌కు రెండు అవుట్‌పుట్‌లు ఉండి, విండోస్‌లో ఎక్స్‌టెండ్ (ఒక్కో తెర మీద వేర్వేరు బొమ్మ చూపే ఎంపిక) ఎంచుకోవాలి. ప్యానెల్ టచ్ పనిచేయాలంటే యూఎస్‌బీ కేబుల్ వేరుగా కావాలి. అది తగిలించాక కూడా ఒక్కోసారి ప్యానెల్ మీద గీసిన గీత ప్రొజెక్టర్ తెర మీద పడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని ట్యాబ్లెట్ పీసీ సెట్టింగ్స్‌లో టచ్ తెర ఏదో చూపిస్తే అది సర్దుకుంటుంది. కిటికీల వెలుతురులో ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది, కిటికీలకు పరదాలు తప్పవు.

పిల్లల చేతిలోని ట్యాబ్‌లను మూడో తెరగా వాడటం మాత్రం నాకు నచ్చలేదు. పాఠం నడుస్తుండగా తలలు కిందికి వాలిపోతే పై రెండు తెరలూ వృథా. వాటిని అభ్యాసానికే ఉంచాను.

ఈ అమరిక కోసం కొత్త ప్రొజెక్టర్ కొనమని చెప్పను. ప్యానెల్ పక్కన గ్రీన్ బోర్డు మిగిలి ఉంటే, చెరగకూడని దత్తాంశాన్ని దాని మీద సుద్దముక్కతో రాసుకున్నా ఈ ప్రయోజనంలో చాలా భాగం దక్కుతుంది.