మైగ్రేన్‌కు మూడో మాత్రా ఫలించలేదు: ఇంకో మాత్రా, బొటాక్సా?

మాది కావలి. నెలలో సగం రోజులు తలనొప్పే. అది రాకుండా రోజూ వేసుకునే మాత్రల్లో ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లూనరిజిన్ అయిపోయాయి. ఇప్పుడు డాక్టరు ముందు పెట్టినవి రెండు: టోపిరామేట్ అనే ఇంకో మాత్ర, లేదా బొటాక్స్ ఇంజెక్షన్లు.

ఖర్చు: మాత్రలకు నెలకు వందల్లో. బొటాక్స్‌కు ఒక్కసారికే పదుల వేలు, అదీ 12 వారాలకోసారి.

శ్రమ: మాత్ర రోజూ మరవకూడదు. డోసు మెల్లగా పెంచి, సరిపడా డోసు మీద 8 వారాలైనా ఆగాలి. (నేను మొదటిదాన్ని మూడు వారాలకే మానేసి ‘పనిచేయలేదు’ అనేశాను. అది లెక్కలోకి రాదట!) బొటాక్స్‌ అయితే నుదురు, కణతలు, తల వెనుక, మెడ, భుజాల మీద మొత్తం 31 చోట్ల సన్న సూది. పావుగంట పని. నేను చూపించుకునేది చెన్నైలో కాబట్టి ప్రయాణమే అసలు బాధ. పినాకిని రైల్లో తూర్పు కిటికీ దొరికిందంటే పొద్దుటి ఎండకు గూడూరు దాటేదాకా కళ్ల మీద తడి తువ్వాలే.

ఇబ్బందులు: టోపిరామేట్‌తో వేళ్ల తిమ్మిరి, మాటల తడబాటు. గర్భం అనుకునేవాళ్లకు పనికిరాదు, కిడ్నీలో రాళ్లుంటే ముందే చెప్పాలి. బొటాక్స్‌తో మెడనొప్పి, ఒక్కోసారి రెప్ప వాలడం. అవి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి.

ఏదైనా ముందు నొప్పి మాత్రలు లెక్కపెట్టుకోండి. మామూలువి నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పికే ఇచ్చే మాత్రలు) 10 రోజులు వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తేవచ్చు.

తలనొప్పి నెలకు 15 రోజుల లోపే అయితే బొటాక్స్ దండగ. రెండు మూడు మాత్రలు సరిగా వాడీ ఓడినవాళ్లు, డబ్బు సర్దగలిగితే అటు వెళ్లొచ్చు. కనీసం రెండు విడతలు చూడాలి. నా మూడింట్లో ఒకటి సగంలో వదిలిందే కదా, అందుకే టోపిరామేట్ మొదలుపెట్టాను.