బాబు తలకు నాలుగు నెలల హెల్మెట్: మూడేళ్లకు నా మాట

ఒకవైపు చదునైపోయిన తల గుండ్రంగా రావడానికి మా బాబుకు ఐదో నెల నుంచి తొమ్మిదో నెల దాకా తలకు హెల్మెట్ పెట్టాం. అప్పుడు డాలస్ దగ్గర ఉండేవాళ్లం, అదీ మండుటెండల కాలం. ఇప్పుడు వాడికి మూడేళ్లు. పెట్టించమంటారా అని తెలిసినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మూడో నెలలో స్నానం చేయిస్తూ అమ్మే కనిపెట్టింది. తల వెనుక కుడివైపు చదునైపోయింది. పైనుంచి చూస్తే కుడి చెవి కాస్త ముందుకు జరిగినట్టు కనబడుతోంది. "ఆవాల దిండు వేయమంటే విన్నావా?" అంది. అమెరికాలో పసిపిల్లల మంచంలో దిండే పెట్టవద్దంటారు. వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం అక్కడ 1994లో మొదలయ్యాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువులు బాగా తగ్గారు, సొట్ట తలలు మాత్రం పెరిగాయి.

మా వాడి అసలు చిక్కు మెడలో ఉంది. ఎడమవైపు కండరం బిగుసుకుపోయి ముఖం ఎప్పుడూ కుడివైపే తిప్పేవాడు. పుర్రె ఎముకల మధ్య అతుకులు ముందే మూసుకుపోలేదని డాక్టరు తేల్చాక రెండు నెలలు మెడకు వ్యాయామాలు చేయించాం, మెలకువగా ఉన్నంతసేపూ బోర్లా వేశాం. అయినా తల ఐమూలల కొలతల్లో, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచిన రెండు కొలతల మధ్య, 12 మిల్లీమీటర్ల తేడా మిగిలింది. అప్పుడు హెల్మెట్‌కు ఒప్పుకున్నాం.

అది తలను నొక్కి సరిచేస్తుందని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి ఉబ్బిన చోట ఆనుకుని ఉంటుంది, చదునైన చోట ఖాళీ వదులుతుంది. పెరిగే తల ఆ ఖాళీలోకి పెరుగుతుంది. అందుకే తల వేగంగా పెరిగే నెలల్లోనే దానికి పని, ఏడాది దాటితే ఫలితం అంతంత మాత్రం.

రోజుకు 23 గంటలు పెట్టాలి. మిగిలిన ఆ ఒక్క గంటలోనే వాడి స్నానం, హెల్మెట్ శుభ్రం, మా ముద్దులూ. రాత్రి ఏడింటికి తీయగానే చెమటకు తడిసిన జుట్టు, పుల్లటి మజ్జిగ వాసన. లోపలి స్పాంజిని స్పిరిట్‌తో తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టేవాళ్లం. చెవి వెనుక ఎర్రటి మచ్చ పడితే గంటలో పోతుందా లేదా చూసుకోవాలి, పోకపోతే హెల్మెట్‌ను తీసుకెళ్లి లోపల ఆ చోట అరగదీయించాలి. మాకు రెండుసార్లు అలా అయింది. తలకు నూనె రాయకూడదన్నందుకు అమ్మ పడ్డ బాధ ఇంతా అంతా కాదు. వాడు మాత్రం నాలుగు రోజుల్లో అలవాటుపడి, దాంతోనే పాకుతూ గోడలను ఢీకొట్టాడు.

ఖర్చు మూడు వేల డాలర్ల పైమాటే. అందం కోసం చేయించుకునేదని బీమా కంపెనీ ఒక్క పైసా ఇవ్వలేదు. అప్పీలు చేసినా అదే జవాబు.

నాలుగు నెలల తర్వాత తేడా 5 మిల్లీమీటర్లకు దిగింది. అంతా హెల్మెట్ చలవేనా? నెదర్లాండ్స్‌లో 84 మంది శిశువులపై చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. రెండేళ్ల వయసుకు హెల్మెట్ పెట్టినవారిలో 26 శాతం, పెట్టనివారిలో 23 శాతం పూర్తిగా సరయ్యారట. అంటే దాదాపు సమానమే. అయితే సొట్ట మరీ ఎక్కువగా ఉన్నవాళ్లనూ, మా వాడిలా మెడ బిగిసినవాళ్లనూ అందులో చేర్చుకోలేదు. ఆ డబ్బు గురించి నాకు పశ్చాత్తాపం లేదు, కానీ రెండో బిడ్డకు ఇదే వస్తే మొదటి నెల నుంచే మెడ చూపిస్తాను. సొట్ట కొద్దిగానే ఉంటే హెల్మెట్ జోలికి పోను.

మొన్న తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయించాం. గుండు మీద చందనం రాస్తూ వేళ్లతో తడిమి చూశాను. కుడివైపు వెనుక ఆ చదును, వెతికితే, ఇంకా తగులుతోంది. అమ్మకు చూపించాను. "మీ నాన్న గుండు ఎప్పుడూ చూడలేదా? అచ్చం ఇదే" అంది.