రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డికోత బండి) డ్రైవ్ బెల్టు: మామూలుదా, కెవ్లార్‌దా?

విజయవాడ ఆటోనగర్‌లో మామూలు ఏ-సెక్షన్ (అర అంగుళం వెడల్పు) వీ-బెల్టు చవకే. పిండిమర మోటారుకైతే బ్రహ్మాండం. గేర్ల మోవర్ సంగతి వేరు: చాలావాటిలో ఇంజిన్ శక్తిని చక్రాల వైపు పంపే డ్రైవ్ బెల్టే క్లచ్. పెడల్ వదిలిన ప్రతిసారీ కాసేపు జారి, వేడెక్కి, అప్పుడు పట్టుకుంటుంది. మామూలు బెల్టు లోపలి పాలిస్టర్ దారం ఆ వేడికి సాగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు. కెవ్లార్ (చాలా గట్టి కృత్రిమ నార) దారం బెల్టు ఖరీదెక్కువే గానీ అంతగా సాగదు. డ్రైవ్‌కి అదే వేయండి.

కొలత దగ్గరే బోల్తా పడేది. బెల్టు మీద 4ఎల్880 అని ఉంటే బయటి చుట్టు 88 అంగుళాలు. ఏ-86లో 86 అనేది లోపలి చుట్టు. రెండూ ఇంచుమించు ఒకే కొలత బెల్టులే. ఏ-88 తెస్తే వదులవుతుంది.

ఏది వేసినా ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి, పాత బెల్టు వెళ్లే దారి ఫోటో తీసుకోండి. ఐడ్లర్ పుల్లీని (బెల్టును బిగువుగా ఉంచే చక్రాన్ని) చేత్తో తిప్పితే గరగరమందా, బేరింగ్ పోయినట్టే. దాన్ని మార్చకపోతే కొత్త బెల్టూ కాలిపోతుంది.