స్టీల్‌హెడ్ వేట ప్యాకేజీ కొనేవారు జాగ్రత్త: అడ్వాన్సు కట్టే ముందు నది తెరుస్తారో లేదో తెలుసుకోండి

సియాటెల్ చుట్టుపక్కల ఉంటూ ఫ్లై ఫిషింగ్ (ఈకలు, దారాలతో పురుగులా కట్టిన ‘ఫ్లై’ అనే గాలంతో చేసే చేపల వేట) మొదలుపెట్టాలనుకుంటున్న తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ నది మీద మూడు రోజుల స్టీల్‌హెడ్ చేపల వేట ప్యాకేజీకి నవంబరులో 600 డాలర్లు అడ్వాన్సు కట్టి, ఆ నదిలో ఒక్కసారైనా గాలం వేయకుండానే ఆ సొమ్ము పోగొట్టుకున్నాను. బ్యాంకులో నా ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున నిర్వాహకుడి పేరు రాయడం లేదు.

ప్రకటనలో “ఏడాది పొడవునా స్టీల్‌హెడ్, సాల్మన్ గ్యారంటీ” అని ఉంది. ఆ మాట దగ్గరే నేను ఆగవలసింది. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడే పులస ఎదురెక్కినట్టు, ఈ చేపల్లోనూ ఒక్కో గుంపుకు ఒక్కో వేళ ఉంది. సముద్రానికి వెళ్లి పెరిగి తిరిగివచ్చే రెయిన్‌బో ట్రౌటే స్టీల్‌హెడ్. వాటిలో వేసవి గుంపు సుమారు మే నుంచి అక్టోబరు దాకా, చలికాలపు గుంపు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నదుల్లోకి వస్తాయి. కోహో సాల్మన్ శరదృతువులో వస్తుంది. పింక్ సాల్మన్ అయితే ఇక్కడ ప్రధానంగా 2023, 2025 వంటి బేసి సంవత్సరాల్లోనే వస్తుంది.

అసలు మెలిక స్కాజిట్‌తోనే ఉంది. సియాటెల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో కలిసే స్కాజిట్ వంటి నదుల స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు కాబట్టి, అక్కడ చలికాలం చివర పట్టి వదిలేసే వేటకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది తిరిగివచ్చే చేపల అంచనాను బట్టి రాష్ట్ర చేపల, వన్యప్రాణుల శాఖ నిర్ణయిస్తుంది. కొన్నేళ్లు తెరుస్తారు, కొన్నేళ్లు తెరవరు. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గానీ, ఇక్కడ సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్ దొరికితే నీటిలోంచి పూర్తిగా పైకెత్తి ఫొటో దిగడం కూడా నేరమే.

మా తేదీలకు నది తెరవలేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే నిర్వాహకుడు, ఇది వానా వరదా లాంటిదేనని, తన చేతిలో లేదని చెప్పి, బదులుగా ఒలింపిక్ ద్వీపకల్పంలోని మరో నదికి ఒక రోజు తీసుకువెళ్లారు. అద్దెకిచ్చిన వేడర్లకు (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడుగు తొడుగులకు) మోకాలి కుట్టు మీద పాత జిగురు పెచ్చులు కట్టి ఉంది. పది నిమిషాల్లో మేజోడు తడిసి ముద్దయింది. అంతకన్నా పెద్ద తప్పు ఫ్లై పెట్టెలో కనిపించింది. ఆ నదిలో ముల్లు (గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న మొన) లేని ఒంటి గాలాలే వాడాలి. ఒక ఫ్లైని నా చొక్కా చేతికి గుచ్చి లాగి చూస్తే, అది జారి రాకుండా దారాన్ని పట్టుకుని వేలాడింది. పట్టకారుతో ముల్లు నొక్కేయమంటే, “ఇక్కడ ఎవరు చూస్తారండీ” అన్నారు. అధికారి వచ్చి చూస్తే జరిమానా పడేది రాడ్ పట్టుకున్న నాకు. ఇటీవలి చలికాలాల్లో అక్కడి చాలా చోట్ల పడవలో వెళ్లవచ్చు గానీ పడవలోంచి గాలం వేయకూడదన్న నిబంధన ఉన్నా, ఆయన పడవలోంచే వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు.

గైడుకు అడ్వాన్సు ఇచ్చే ముందు లైసెన్సు నంబరు అడగండి. వాషింగ్టన్‌లో స్టీల్‌హెడ్‌ను ఒక వర్గంగా, సాల్మన్‌ను మరో వర్గంగా చూస్తారు. గైడు లైసెన్సులూ అలాగే వేర్వేరుగా ఉంటాయి, రెండింటికీ కలిపి తీసుకునేదీ ఉంటుంది. నేను ఆలస్యంగా అడిగాను, జవాబు రాలేదు. మీ సొంత లైసెన్సు, పట్టిన చేపలు నమోదు చేసే కార్డు గైడు చూసుకుంటాడని వదిలేయకండి. బయలుదేరే ముందు రోజు రాత్రి శాఖవారి అత్యవసర నిబంధనలు మరోసారి చూడండి, అవి సీజను మధ్యలోనూ మారతాయి.

బ్యాంకువారికి ప్రకటన ప్రతి, శాఖ ప్రకటన, డబ్బు కట్టిన రసీదు పంపాను. రద్దు షరతులు రాతపూర్వకంగా ఉన్నాయా అని అడిగారు. “నది తెరవకపోతే వెనక్కి ఇచ్చేస్తాను లెండి” అని ఆయన ఫోనులో చెప్పిన మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు.